ఒంగోలు వీధుల్లో అల్లరి ప్రకాశం
పూటకూళ్ళ ఇంట్లో పెరిగిన పిల్లాడు ఆంధ్రకేసరి అయ్యాడు. స్వభావం మారలేదు, దాని దారి మారింది

మహనీయుల జీవిత చరిత్రలు మనకు ఒక అలవాటు చేశాయి. పువ్వు పుట్టగానే పరిమళించిందంటూ మొదలుపెట్టి, పసితనంలోనే ఏదో ఒక శకునం చూపించి, అక్కణ్ణుంచి నేరుగా కూడలిలోని శిలావిగ్రహం దాకా నడిపించుకుపోతాయి. టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యం ఈ మూసలో ఒదగదు. 1880ల్లో ఒంగోలు పెద్దమనుషుల్ని అడిగి ఉంటే, ఈ కుర్రాడు గొప్పవాడవుతాడని ఎంతమంది అనేవారో అనుమానమే. చెడు సహవాసాలు, వీధి గొడవలు, చదువు మీద కన్నా ఆటల మీద ధ్యాస. అప్పటి ప్రకాశం అది. ఈ సంగతులు ఆయన ప్రత్యర్థులు పుట్టించినవి కావు. ‘నా జీవిత యాత్ర’లో ఆయనే దాపరికం లేకుండా రాసుకున్నారు.

మూడు రూపాయల ఫీజు

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టాడు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. నియోగి బ్రాహ్మణ కుటుంబం. పిల్లవాడికి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు, పిల్లలు చూస్తే చిన్నవాళ్ళు. సుబ్బమ్మ ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది.

ఆ నిర్ణయం ఎంత కష్టమైనదో ఇవాళ ఊహించుకోవడం తేలిక కాదు. భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీ ఇంట్లో ఓ మూల కూర్చోవాలన్న రోజులవి. డబ్బు తీసుకుని పరాయివాళ్ళకు వండి వడ్డించడమంటే కులంలోనూ ఊళ్ళోనూ చులకనే. పూటకూళ్ళమ్మ కొడుకంటే ఆ చులకనలో వాటా పంచుకోవలసినవాడే. అంత చేసినా ఆ రాబడి చాలేది కాదు. ప్రకాశం కలిగినవాళ్ళ ఇళ్ళలో వారాలు చేసుకుని తిన్నాడు.

మిడిల్ స్కూలు పరీక్ష వచ్చింది. ఫీజు మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు ఇంట్లో లేవు. అప్పు అడగడానికి కాలినడకన బావగారి ఊరికి వెళ్ళినా పని కాలేదు. చివరికి సుబ్బమ్మ తన పట్టుచీర తాకట్టు పెట్టి ఫీజు కట్టింది.

అల్లరిని వేదికెక్కించిన మాస్టారు

కొడుకుని బడికి పంపగలిగింది కానీ, వీధి నుంచి వెనక్కి లాగే తీరిక సుబ్బమ్మకు లేదు. పొద్దున లేస్తే పొయ్యి, రాత్రి దాకా విస్తళ్ళు. ఆ ఖాళీలోకి వచ్చినవాడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఒంగోలు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. నాటకాల పిచ్చి ఉన్న మనిషి.

తెలుగునాట నాటకం అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తున్న కాలం. 1880లో ధార్వాడ నాటక సమాజం కోస్తా పట్టణాల్లో ప్రదర్శనలిచ్చి వెళ్ళింది. ఆ ఏడాదే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకం వేయించారు. ఆ ఊపులో ఊరూరా సమాజాలు పుట్టుకొచ్చాయి. పెద్దమనుషులు మాత్రం రంగు పూసుకోవడం చెడిపోయినవాళ్ళ పని అనుకునేవారు. నాయుడు మాస్టారు లెక్క వేరు. కుర్రాడిలో గొంతు ఉంది, ధైర్యం ఉంది, నలుగురి కళ్ళూ తన మీద ఉండాలన్న తహతహ ఉంది. ఆ తహతహ వీధిలో తీరితే దెబ్బలాట, వేదిక మీద తీరితే కళ. ప్రకాశం చేత ఆడ వేషాలూ మగ వేషాలూ వేయించాడు.

వేషాలతో సరిపెట్టలేదు. మాస్టారు రాజమండ్రికి మకాం మార్చినప్పుడు శిష్యుణ్ణి వెంట తీసుకెళ్ళి, అక్కడ చదివించాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం తొలినాటి నాటకాలు రాసింది రాజమండ్రిలోని ఈ నాయుడు సమాజం కోసమే. ఆ నటుల్లో ప్రకాశం ఒకడు. ఒంగోలు అల్లరి పిల్లాడు అలా తెలుగు నాటకరంగం తొలి అడుగుల్లో పాలుపంచుకున్నాడు. తాను రౌడీగా మిగిలిపోకుండా కాపాడింది నాయుడే అన్న కృతజ్ఞత ఆయనకు కడదాకా ఉంది.

తర్వాత మద్రాసులో లా చదివి, సెకండ్ గ్రేడ్ ప్లీడరై, రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు. అక్కడే మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యారు. అయితే సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు కింది కోర్టులే గతి, హైకోర్టు గడప తొక్కే యోగం లేదు. గీత గీసి ఇక్కడే ఆగమంటే ఆగే మనిషి కాదు కనుక, 1904లో ఇంగ్లండు ఓడ ఎక్కారు. మాంసం, మద్యం ముట్టనని తల్లికి మాటిచ్చి వెళ్ళి, 1907లో బారిస్టరుగా మద్రాసులో దిగారు.

అదే మనిషి, వేరే వీధి

1907లోనే బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చారు. వందేమాతరం వేడి మీద ఉన్న రోజులు. ఆ ఉపన్యాస సభకు అధ్యక్షత వహించడానికి పేరున్నవాళ్ళు జంకితే, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ప్రకాశం వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. కక్షిదారులు ఏమనుకుంటారో, ప్రభుత్వం ఏం చేస్తుందో అన్న లెక్క ఆయనకు చిన్నప్పుడూ లేదు, అప్పుడూ లేదు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో అడుగుపెట్టింది. దేశమంతా హర్తాళ్. మద్రాసు హైకోర్టు ప్రాంతంలో జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒకరు చనిపోయారు. ఆ శవాన్ని చూడాలని ప్రకాశం ముందుకు కదిలితే తుపాకులు అడ్డొచ్చాయి. ఆయన చొక్కా తెరిచి రొమ్ము చూపి, దమ్ముంటే కాల్చమన్నారు. ‘ఆంధ్రకేసరి’ అన్న పేరు జనం నాలుక మీద నిలిచిపోవడానికి ఆ ఒక్క ఘట్టం చాలు. దాన్ని నటన అనడం అన్యాయం. ఆ గుండ్లు నిజమైనవి. కానీ వందల మంది చూస్తుండగా ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నోరు విప్పాలో తెలిసిన మనిషి ఆయన. ఒంగోలు వీధి నేర్పిన తెగువకు నాయుడి వేదిక నేర్పిన ఒడుపు తోడైంది.

డబ్బు సంగతి ఇంకా ఆసక్తికరం. మూడు రూపాయలకు ముఖం వాచిన పిల్లలు చాలామంది పెద్దయ్యాక పైసా పైసా ముడివేస్తారు. ప్రకాశం అందుకు పూర్తిగా విరుద్ధం. మద్రాసులో పేరుమోసిన బారిస్టరుగా విరివిగా ఆర్జించారు. 1921లో ప్రాక్టీసు వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి, ఆర్జించినదంతా అందులో పోశారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి సమర్థులు ఆ పత్రికలో పనిచేశారు. పత్రికకు పేరొచ్చింది, డబ్బు రాలేదు. ఆస్తి కరిగిపోయింది. లేమిని చిన్నతనంలోనే చూసేసినవాడికి లేమి అంటే భయం పోయింది కాబోలు.

ఈ స్వభావానికి ఖరీదు కూడా ఉంది. దాన్ని దాచిపెడితే మళ్ళీ శిలావిగ్రహం కథే అవుతుంది. 1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) అయ్యారు. కొత్త బట్టల మిల్లులు వద్దు, ఖద్దరే కావాలని పట్టుబట్టారు. సొంత పార్టీలోనే అసమ్మతి రాజుకుని, ఏడాది తిరక్కుండానే గద్దె దిగారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయనకు ఎనభై ఒకటి నిండాయి. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది ఆయన హయాంలోనే. ఆ నవంబరులో మద్యనిషేధం వివాదం మీద ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తుపాకి ముందు గెలిపించిన మొండితనం శాసనసభలో లెక్కలు కలపడానికి పనికిరాలేదు. నలుగురినీ బుజ్జగించి వెంట తిప్పుకునే విద్య ఆయనకు ఎన్నడూ పట్టుబడలేదు.

ఎవరి ఘనత ఎంత?

1957 మే 20న ప్రకాశం కన్నుమూశారు. కృష్ణ మీది బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. 1970లో ఏర్పడ్డ ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయింది. ఇవన్నీ న్యాయమైన గౌరవాలే.

ఆయన బాల్యం చెప్పే సంగతి మాత్రం వేరు. తెగువ ఉన్న పేద కుర్రాడు ఆనాటి ఒంగోలులో ఒక్కడే ఉండి ఉండడు. మిగతావాళ్ళ పేర్లు చరిత్రకు తెలియవు. వాళ్ళకు తెలివి తక్కువైందని చెప్పడానికి ఆధారం లేదు. చీర తాకట్టు పెట్టే తల్లీ, ఊరు మారుతూ బడిలో అల్లరివాణ్ణి వెంటబెట్టుకుపోయే మాస్టారూ ఒకే పిల్లాడికి దొరకడం అరుదు. పుట్టుకతో వచ్చిన స్వభావం ప్రకాశానిది. అది ఎటు పోవాలో తేల్చింది ఆ ఇద్దరు. ఈ లెక్క అందరికన్నా బాగా తెలిసినవారు ప్రకాశమే. అందుకే ముఖ్యమంత్రి పీఠమెక్కిన మనిషి తన కథ చెప్పుకుంటూ పూటకూళ్ళ ఇంటిని దాచలేదు, నాయుడి బాకీని మరవలేదు, తన రౌడీతనాన్ని చిలిపితనంగా మార్చి రాయలేదు.