దేశంలో దేశం: స్కాట్లండ్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ అర్హత పోటీల్లో స్కాట్లండ్ సొంత జట్టుతో ఆడుతుంది. ఒలింపిక్స్‌లో మాత్రం అక్కడి క్రీడాకారులు బ్రిటన్ జట్టులో ఉంటారు. ఐక్యరాజ్యసమితిలో స్కాట్లండ్‌కు సభ్యత్వం లేదు. అయినా బ్రిటన్ ప్రభుత్వమే దాన్ని దేశంగా పేర్కొంటుంది.

కొలమానం ఏమిటి?

స్వతంత్ర రాజ్యానికి 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం నాలుగు లక్షణాలు చెప్పింది. అవి స్థిరమైన జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం. స్కాట్లండ్‌కు లేనిది నాలుగోది. దాని విదేశాంగ, రక్షణ వ్యవహారాలు లండన్ చేతిలో ఉన్నాయి. పెద్ద రాజ్యంలో భాగంగా ఉండే ‘దేశానికి’ మాత్రం అంతర్జాతీయ చట్టంలో ఇలాంటి నిర్వచనం లేదు.

అక్కడ పనిచేసేది చరిత్రే. స్కాట్లండ్ 1707 వరకు వేరే రాజ్యం. ఇంగ్లండ్‌తో కలిశాక కూడా తన న్యాయవ్యవస్థను, చర్చిని నిలుపుకుంది. వేల్స్ కథ వేరు. 16వ శతాబ్దంలోనే అది ఇంగ్లండ్ చట్టాల కిందికి వచ్చింది. నేటికీ ఆ రెండింటిదీ ఒకే న్యాయపరిధి. అయినా భాష, ప్రజల గుర్తింపు బలంతో వేల్స్ కూడా దేశమే. 1921లో ఏర్పడిన ఉత్తర ఐర్లండ్‌ను దేశమనాలా, ప్రావిన్స్ అనాలా అన్న వాదన ఇంకా తెగలేదు.

నెదర్లాండ్స్ రాజ్యంలో ఇది చట్టపరమైన హోదా. 2010 నుంచి అందులో నెదర్లాండ్స్, అరూబా, క్యురసావ్, సింట్ మార్టెన్ అనే నాలుగు దేశాలున్నాయి.

పేరు వేరు, అధికారం వేరు

దేశమన్న పేరుతో విడిపోయే హక్కు రాదు. 2014 రెఫరెండానికి బ్రిటన్ ప్రభుత్వం అంగీకరించింది. అందులో సుమారు 55 శాతం మంది స్వాతంత్ర్యం వద్దన్నారు. లండన్ అనుమతి లేకుండా మరో రెఫరెండానికి చట్టం చేసే అధికారం స్కాట్లండ్ పార్లమెంటుకు లేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

మన రాజ్యాంగం ‘దేశం’ అన్న మాటను రాష్ట్రాలకు వాడలేదు. మూడో అధికరణం కింద రాష్ట్రాల సరిహద్దులు మార్చేది పార్లమెంటే. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ, దానికి కట్టుబడాల్సిన పని లేదు. 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించిన విభజన బిల్లును పార్లమెంటు ఆమోదించడంతోనే తెలంగాణ ఏర్పడింది.

కాబట్టి ఒక ప్రాంతాన్ని ఏమని పిలుస్తున్నారన్న దానికన్నా, దాని భవితవ్యంపై చివరి మాట ఎవరిదన్నదే అసలు ప్రశ్న.