కమర్షియల్ బిల్డింగ్ కొంటున్నారా? ఈసీ క్లియర్ సరే.. శ్లాబు సంగతేంటి?

పాకాల, తిరుపతి జిల్లా: పాకాలలో ఒక కాంప్లెక్స్ అమ్మకానికి వచ్చిందనుకుందాం. కింద షాపులు, పైన రెండంతస్తుల్లో చిన్న లాడ్జి. నెలకు 60 వేలు అద్దె వస్తోంది. ధర 90 లక్షలు. ఈసీ తీయించారు, చిక్కేమీ లేదు. లాయర్ ఒపీనియన్ కూడా బాగుంది. సగం డబ్బు చేతిలో ఉంది, మిగతా 45 లక్షలు బ్యాంకు ఇస్తానంది. 10 శాతం వడ్డీకి పదేళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ దాదాపు 59,500. అంటే వచ్చే అద్దె ఈఎంఐకి సరిపోతుంది.

కొన్న ఏడాదికి లాడ్జి బాత్రూమ్‌ల కింద శ్లాబు పెచ్చులూడటం మొదలైంది. కమ్మీలు తుప్పుపట్టి బయటికి కనిపిస్తున్నాయి. రిపేరుకు 12 లక్షలు, పని జరిగే నాలుగు నెలలు అద్దె బంద్. అది ఇంకో 2 లక్షల 40 వేలు. మొత్తం 14 లక్షల 40 వేలు.. అంటే సరిగ్గా రెండేళ్ల అద్దె. ఈఎంఐ మాత్రం ఆగదు.

ఇది ఉదాహరణకు వేసిన లెక్క. కానీ చిన్న ఊళ్లల్లో కమర్షియల్ ఆస్తి మీద డబ్బు పెట్టేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. కాగితాలు పదిసార్లు చూస్తారు, బిల్డింగ్‌ని ఒక్కసారి చూస్తారు. అదీ కింద నిలబడి.

బ్యాంకు వాల్యుయేషన్ ఉంది కదా?

ఉంది. అది చెప్పేది ధర. ప్యానెల్ వాల్యుయర్ వస్తారు, కొలతలు తీసుకుంటారు, ఫొటోలు తీస్తారు. ఆర్‌సీసీ కట్టడానికి సాధారణంగా 60 ఏళ్ల ఆయుష్షు అనుకుని, కట్టి ఎన్నేళ్లయిందో చూసి అరుగుదల తీసేస్తారు. పాతికేళ్ల బిల్డింగ్ అయితే ఇంకా 35 ఏళ్లు ఉంటుందని రిపోర్టులో రాస్తారు. అది క్యాలెండర్ చూసి వేసిన లెక్క. పునాది ఎలా ఉంది, కమ్మీ ఎంత తిన్నది అనేది సాధారణంగా అందులో ఉండదు. 50 కోట్లు, అంతకు మించిన ఆస్తులకు కనీసం ఇద్దరు స్వతంత్ర వాల్యుయర్ల రిపోర్టులు తీసుకోవాలని ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. 90 లక్షల కాంప్లెక్స్‌కి ఆ రూలు వర్తించదు.

బిల్డింగ్ ఆరోగ్యం చెప్పేది వేరే రిపోర్ట్. దాన్ని ప్రాపర్టీ కండిషన్ అసెస్‌మెంట్ అంటారు. అమెరికాలోని ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ 1999లోనే ఈ2018 పేరుతో దీనికి ఒక పద్ధతి రాసిపెట్టింది. ఇంజినీరు పాత డ్రాయింగులు, అనుమతులు చూస్తారు. బిల్డింగ్ అంతా తిరుగుతారు. అద్దెకున్నవాళ్లతో, ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడతారు. చివర్లో వెంటనే చేయాల్సిన రిపేర్లు ఏవి, ఒకట్రెండేళ్లలో వచ్చేవి ఏవి, అప్పు తీరేలోపు మార్చాల్సినవి ఏవి, ఒక్కోదానికి ఎంత ఖర్చు అని లెక్కేసి ఇస్తారు. హైదరాబాద్ మాదాపూర్ మైండ్‌స్పేస్ లాంటి ఐటీ పార్కులున్న రీట్‌లు 2020 నాటికే మన స్టాక్ మార్కెట్‌కి వచ్చాయి. ఆ స్థాయి కొనుగోళ్లలో ఈ చెకింగ్ లేకుండా డబ్బు కదలదు. పాకాల, పీలేరు, దామలచెరువు లాంటి చోట్ల మాత్రం దీని ఊసే ఉండదు.

మిద్దె మీద శ్లాబు.. శ్లాబు మీద టవరు

పాకాల మీటర్ గేజ్ రోజుల నుంచీ రైల్వే జంక్షన్. తిరుపతి, కాట్పాడి, ధర్మవరం లైన్లు ఇక్కడే కలుస్తాయి. ఇలాంటి పాత ఊళ్లల్లో బజారు వీధి బిల్డింగులు ఒకేసారి కట్టినవి కావు. కింద రాతి గోడలు, దూలాల మీద సున్నంతో వేసిన మిద్దె, వెనక తర్వాత పోసిన ఆర్‌సీసీ, దానిపైన ఇంకో అంతస్తు, ఆపైన రేకుల షెడ్డు. ముందు వైపు మాత్రం కొత్త టైల్స్, గ్లాసు. బయట నుంచి చూస్తే పదేళ్ల బిల్డింగ్ అనిపిస్తుంది.

అందుకే మొదటి ప్రశ్న.. పిల్లర్లు, పునాది ఎన్ని అంతస్తులకు వేశారు? ప్లాన్ అనుమతి పంచాయతీ నుంచి వచ్చినా, పట్టణాభివృద్ధి సంస్థ నుంచి వచ్చినా అందులో అంతస్తుల లెక్క ఉంటుంది. ఇప్పుడున్న అంతస్తులు అంతకంటే ఎక్కువుంటే ఆగి ఆలోచించాలి. అనుమతి లేదన్నది ఒక సమస్య, లోడు ఎక్కువైందన్నది ఇంకో సమస్య. జరిమానా కట్టి రెగ్యులరైజ్ చేసుకున్నా పునాది బలం పెరగదు కదా.

పైన సెల్ టవర్ ఉంటే దాన్ని అదనపు ఆదాయం కింద చెప్తారు. నిజమే, అద్దె వస్తుంది. కానీ ఇనుప స్తంభాలు, బ్యాటరీలు, జనరేటర్, గాలి తోపు అంతా శ్లాబు మీదే. టవర్ పెట్టేటప్పుడు ఇచ్చిన స్ట్రక్చరల్ సర్టిఫికెట్ కాపీ అడగండి.

పై నుంచి కిందికి చూడాలి

అనుభవమున్న ఇంజినీరు డాబా మీద నుంచి మొదలుపెడతారు. నీళ్లు నిలిచే చోటు, ట్యాంకుల కింద తడి, పిట్టగోడ పగుళ్లు. తర్వాత బాత్రూమ్‌లు. లాడ్జిలో ఎక్కువ నష్టం చేసేది ఇవే. వాటి కింద గది సీలింగ్‌కి ఈమధ్యే ఫాల్స్ సీలింగ్ వేశారంటే ఒక పలక తీయించి చూడాల్సిందే. పిల్లర్లో నిలువు పగులు కమ్మీ వెంబడి ఉంటే తుప్పు అనుమానం. గోడల్లో మెట్లు మెట్లుగా వాలు పగులు పోతుంటే పునాది ఒకవైపు దిగుతోందేమో చూడాలి. ప్లాస్టర్ మీద సన్నని గీతలకు కంగారు అక్కర్లేదు.

అనుమానం వచ్చిన చోట పరీక్షలు. సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయినట్టే. రీబౌండ్ హ్యామర్ పైపై గట్టిదనం చెబుతుంది. పాత కాంక్రీటు పైపొర కార్బొనేషన్‌తో గట్టిపడి ఎక్కువ రీడింగ్ చూపిస్తుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. అల్ట్రాసోనిక్ పరీక్షలో తరంగం వేగం సెకనుకు 3 కిలోమీటర్ల కంటే తక్కువొస్తే లోపల నాణ్యత మీద అనుమానపడాలి. కాంక్రీటు ముక్క కోసి ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చినంత మేర బాగున్నట్టు. రంగు రాని భాగం కమ్మీ దాకా చేరితే తుప్పుకు దారి తెరుచుకున్నట్టు. చివరిది కోర్ టెస్ట్. ఐఎస్ 456 ప్రకారం కోర్‌ల సగటు బలం ఉండాల్సిన గ్రేడ్‌లో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

కట్టినప్పుడు ఏ నీళ్లు వాడారో కూడా అడగాలి. ఆర్‌సీసీ కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని అదే ఐఎస్ 456 చెబుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే, అవే వాడి ఉంటే, తుప్పు పరీక్ష తప్పనిసరి అనుకోవాలి.

2021 నవంబర్ గుర్తుందా?

ఆ నెల వానలకు స్వర్ణముఖి పొంగి తిరుపతి పరిసరాల్లో ఒడ్డున ఉన్న ఇళ్లు కోతకు గురయ్యాయి. రాయలచెరువు కట్టకు లీకేజీ వస్తే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో భూమిలో ఉన్న సిమెంట్ రింగుల నీళ్ల ట్యాంకు, శుభ్రం చేయడానికి ఖాళీ చేసిన టైంలో, ఒక్కసారిగా పైకి లేచింది. అప్పట్లో ఆ వీడియో అందరూ చూశారు. వింత ఏమీ లేదు. నేలంతా నీళ్లతో నిండినప్పుడు ఖాళీ ట్యాంకును కింది నీళ్లు పడవలా పైకి తోస్తాయి. సెల్లార్‌లో సంపు, సెప్టిక్ ట్యాంకు ఉన్న కాంప్లెక్స్‌లకూ ఇదే లెక్క. స్థలం పాత వాగు దారిలో ఉందా, చెరువు కిందుందా అన్నది రెవెన్యూ మ్యాప్‌లో చూసుకోవాలి.

మంటల సంగతి సికింద్రాబాద్ చెప్పింది. 2023 జనవరి 19న డెక్కన్ మాల్ భవనంలో అగ్నిప్రమాదం జరిగి ముగ్గురు చనిపోయారు. భవనం పనికిరాకుండా పోయి కూల్చేశారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. చిన్న కాంప్లెక్స్‌లో చూడాల్సింది మెట్ల కింద మీటర్ బోర్డు, ఆ మెట్ల మీదే పెట్టిన అట్టపెట్టెలు, పాత వైరింగ్ మీద కొత్తగా పడ్డ ఏసీలు. కరెంటు బిల్లులో శాంక్షన్డ్ లోడ్ ఎంతో, నిజంగా వాడేది ఎంతో పక్కపక్కన పెడితే చాలు, సగం విషయం తెలిసిపోతుంది.

భోగ్యానికి ఇచ్చినవాళ్లూ అప్పిచ్చినవాళ్లే

చిత్తూరు వైపు షాపు భోగ్యానికి తీసుకునేవాళ్లు ఒకేసారి లక్షలు ఇచ్చి, నెల అద్దె లేకుండా ఉంటారు. కుదువ మీద డబ్బిచ్చేవాళ్లు ఇంకొందరు. వాళ్లకు బ్యాంకు పంపే వాల్యుయర్ కూడా ఉండడు. బిల్డింగ్ పాడైతే ఓనర్ దగ్గర తిరిగివ్వడానికి డబ్బుంటుందా అన్నదే వాళ్ల రిస్క్. అందుకే ఎవరి కంటే ముందు శ్లాబు చూడాల్సింది వీళ్లే.

చట్టం కొంత వరకు తోడుంటుంది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, మామూలు జాగ్రత్తతో కొనేవాళ్లు కనిపెట్టలేని లోపం అమ్మేవాళ్లకు తెలిసి ఉంటే చెప్పి తీరాలి. కంటికి కనిపించే పగులుకు ఇది వర్తించడం కష్టం. అదే చట్టం సెక్షన్ 68 ప్రకారం తాకట్టు ఆస్తి దెబ్బతిని హామీ చాలకపోతే అప్పిచ్చినవాళ్లు అదనపు హామీ అడగొచ్చు. అంటే బిల్డింగ్ పాడైతే బ్యాంకు మీ ఇంటి కాగితాలు కూడా అడిగే అవకాశం ఉంది.

రిపోర్టు కోసం స్ట్రక్చరల్ ఇంజినీరును మీరే పెట్టుకోవాలి. అమ్మేవాళ్లు, బ్రోకర్ చూపించిన మనిషి వద్దు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉన్నాయి. రెండింట్లోనూ సివిల్ విభాగాలున్నాయి, పరీక్షల గురించి అక్కడ కనుక్కోవచ్చు. అడ్వాన్స్ ఇచ్చే ముందే అగ్రిమెంట్‌లో ఒక మాట రాయించుకోండి: ఇంజినీరు రిపోర్టులో ఇంత మొత్తానికి మించి రిపేర్ తేలితే ధర తగ్గించాలి, లేదా అడ్వాన్స్ వాపసు ఇవ్వాలి. అమ్మేవాళ్లు దీనికి అస్సలు ఒప్పుకోకపోతే అది కూడా ఒక సమాచారమే.

ఇక చూడటానికి వెళ్లే టైం. ఈ ప్రాంతంలో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య పడతాయి. మే నెలలో సున్నం కొట్టిన శ్లాబు ఏ తడీ చూపించదు. తొందర లేకపోతే నవంబర్‌లో రెండ్రోజులు ముసురు పట్టాక వెళ్లి, పై అంతస్తు సీలింగ్ మూలలు చూసి రండి.