మూడు వందల దీపాల ద్వారక

ఊహలో మాత్రమే ఉన్న నగరాన్నో, వాహనాన్నో, యంత్రాన్నో నిర్ణీత నిష్పత్తిలో చిన్నదిగా కట్టి, రంగులు వేసి, లోపల దీపాలు అమర్చి, చూసేవారికి అది నిలువెత్తు నిజమనే భ్రాంతి కలిగించే విద్య ప్రపంచంలో రెండు దారుల్లో పెరిగింది. పెట్టెలో విడిభాగాలుగా వచ్చే ప్లాస్టిక్ నమూనాలను ఇంట్లో కూర్చుని అతికించుకునే వ్యాపకం మొదటిది కాగా, సినిమా కోసం స్టూడియోల్లో పదుల మంది కలిసి చేసే మినియేచర్ పని రెండోది. తెలుగువారి మధ్య ఈ విద్య ప్రధానంగా రెండో దారినే నడిచింది. దాని చరిత్రను వెతుక్కుంటూ పోతే మద్రాసు స్టూడియోలు ఎదురవుతాయి. అక్కడినుంచి ఇంకా వెనక్కి వెళితే రాయలసీమ నాటకరంగం కనబడుతుంది. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు ఈ చరిత్రకు కేంద్రాలు కాకపోయినా, దాని మొదలుకూ, ఎన్నో దశాబ్దాల తర్వాత అది తిరిగిన ఒక మలుపుకూ ఇరుగుపొరుగున నిలిచాయి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగంగా ఉండేది. ఆ రోజున ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోకి, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి ఈ ప్రాంతానికి నాటకం అంటే మొదట బళ్లారి నాటకమే. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభతోనూ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభతోనూ అక్కడ ఆధునిక తెలుగు నాటకానికి ఒక రూపం ఇచ్చారు. అదే కాలంలో, 1885లో, కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస కుటుంబం కీచకవధ ప్రదర్శించడంతో మొదలైన సురభి నాటక సమాజం, రంగు తెరల మీద గీసిన రాజభవనాలనూ, తీగల ఆధారంతో గాలిలో తేలే పాత్రలనూ, కన్ను మూసి తెరిచేలోగా మారిపోయే రంగస్థలాన్నీ తరతరాల కుటుంబ విద్యగా మలచుకుంది. లేని లోకాన్ని గుడ్డ, కలప, దీపం అనే మూడు వస్తువులతో నిలబెట్టడం ఎలాగో తెలుగు ప్రేక్షకులకు సినిమా కంటే ముందు ఈ కుటుంబాలే చూపించాయి. మాయాబజార్ కథ కూడా తెరకెక్కడానికి ఎంతో ముందునుంచీ వారి రంగస్థలం మీద ఆడుతున్నదే.

నిష్పత్తి అనే భావన ఈ ప్రాంతానికి మరో రెండు వైపులనుంచి కూడా పరిచయమైనదే. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరు నేతపనికి పేరుపడ్డ ఊరు. నేతలో అంచు పువ్వును ముందుగా గళ్ల కాగితం మీద, ఒక్కో గడి పడుగూ పేకా కలిసే ఒక్కో చోటికి గుర్తుగా, గీసుకుంటారు. అంటే కాగితం మీది బొమ్మకూ బట్ట మీది పువ్వుకూ మధ్య ఉండేది కచ్చితమైన లెక్క. ఇక అదే ఊళ్లో జనవరి ప్రాంతంలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరలో జనం లాగే రథం, ఏ ఊరి రథమైనా అంతే, గుడి విమానాన్ని తగ్గించి చక్రాల మీద నిలిపిన రూపం. ఈ పోలికలను చరిత్రకు మూలకారణాలుగా చూడనక్కరలేదు. అయినా పెద్దదాన్ని చిన్నదానిలో చూడగలిగే కన్ను ఈ నేలకు బయటినుంచి వచ్చింది కాదని చెప్పడానికి ఇవి చాలు.

మద్రాసులో తెలుగు సినిమాకు స్టూడియోలు కట్టినవారిలో రాయలసీమవారి పాలు పెద్దది. వాహినీ సంస్థకు ఊపిరిపోసిన బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు నాగిరెడ్డి కడప జిల్లావారు. వాహినికి పెట్టుబడి సమకూర్చిన మూలా నారాయణస్వామి, 1912లో పుట్టిన దర్శకుడు కదిరి వెంకటరెడ్డి, అంటే కె.వి. రెడ్డి, ఇద్దరూ తాడిపత్రివారు. నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన విజయా సంస్థకు కె.వి. రెడ్డి తీసిన పాతాళభైరవి (1951)లో, మాంత్రికుడు రాజకుమారితో సహా భవనాన్నే తన గుహకు తరలించుకుపోయే ఘట్టం ఉంది. భవనం కదలాలంటే దాన్ని చిన్నది చేయక తప్పదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే, కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ ఆ చిత్రంతో కూడదీసుకున్న అనుభవమంతా ఆరేళ్ల తర్వాత, 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌లో పండింది.

ఆ చిత్రంలో కనబడే ద్వారకా నగరాన్ని చందమామ పత్రిక భవనంలో, 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉన్న చోటులో, సుమారు 300 చిన్న ఇళ్లతో కట్టారు; ప్రతి ఇంటికీ విడిగా విద్యుద్దీపం అమర్చారు. లెక్కేస్తే మొత్తం చోటు 3,000 చదరపు అడుగులు, అంటే వీధులూ ప్రాకారాలూ కలుపుకుని ఒక్కో ఇంటి వంతుకు సగటున 10 చదరపు అడుగులు. ఈ అంకెల్లో అన్నిటికన్నా విలువైనది దీపాల అంకె. నగరాన్ని దూరంనుంచి, చీకట్లో చూసినప్పుడు మనిషి కంటికి ముందుగా అందేది గోడ కాదు, కిటికీలోని వెలుగు. దీపం వెలిగే ఇంట్లో ఎవరో ఉన్నారని మనసు తనంతట తానే నమ్ముతుంది. ఇళ్లన్నిటినీ పైనుంచి ఒకే పెద్ద లైటుతో వెలిగిస్తే బొమ్మలకొలువులా ఉండిపోతుంది, ఇంటికొక దీపం పెట్టగానే ఊరు అవుతుంది. మినియేచర్ పనిలో ప్రాణమంతా ఇక్కడే ఉంది, మాయాబజార్ బృందం దీన్ని పట్టుకుంది.

అయితే ఆ దీపాలను కెమెరాకు పట్టించడం తేలిక కాదు. చిన్న వస్తువును దగ్గరగా తీసేటప్పుడు, ముందున్న ఇల్లు స్పష్టంగా కనబడితే వెనకున్న ఇల్లు మసకబారుతుంది. నిజమైన నగరాన్ని దూరంనుంచి చూసినప్పుడు అలా జరగదు గనుక, ఆ మసకే నమూనా గుట్టు బయటపెడుతుంది. దాన్ని తప్పించడానికి లెన్సు రంధ్రాన్ని బాగా కుదించాలి, కుదిస్తే ఫిల్ముకు చేరే వెలుతురు తగ్గుతుంది, ఆ లోటు తీర్చడానికి పెద్ద లైట్లు పెంచితే ఇళ్లలోని చిన్న దీపాలు వెలవెలబోతాయి. ఈ మూడింటినీ ఒక తూకానికి తేవడం ఛాయాగ్రాహకుడి నేర్పు. అదే చిత్రంలోని నౌకావిహారం పాటలో వెన్నెల భ్రమను సృష్టించి చిరకాల కీర్తి పొందిన బార్ట్‌లే చేతిలో ఆ తూకం తప్పలేదు. నలుపు, తెలుపు చిత్రం కావడం ఇందుకు కొంత తోడ్పడింది. రంగు లేనప్పుడు కాగితం, కలప, రాయి మధ్య తేడాను కన్ను సులభంగా పట్టలేదు.

కదలిక ఉన్న నమూనాలకు మరో చిక్కు ఉంది. 64 అడుగుల గోపురం మీదినుంచి జారిన రాయి నేలను తాకడానికి రెండు సెకన్లు పడుతుంది. అదే గోపురాన్ని పదహారో వంతుకు తగ్గించి నాలుగడుగుల ఎత్తున కడితే, రాయి అరసెకనులోనే కింద పడుతుంది, చూసేవారికి అది వెంటనే బొమ్మ అని తెలిసిపోతుంది. అందుకని సెకనుకు మామూలుగా తిప్పే 24 ఫ్రేములకు బదులు నాలుగింతలుగా, 96 ఫ్రేములు తీసి, తెరమీద మామూలు వేగంతో నడిపిస్తారు. నిష్పత్తి ఎంతైతే దాని వర్గమూలమంత వేగం పెంచాలన్నది ఇందులోని సూత్రం. నీటికీ మంటకూ మాత్రం ఈ సూత్రం పూర్తిగా లొంగదు, ఎందుకంటే నీటిబొట్టునూ మంట నాలుకనూ ఎవరూ చిన్నవి చేయలేరు.

మాయాబజార్‌లో ద్వారక తర్వాత చెప్పుకోవలసినది ప్రియదర్శిని. మూత తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది ఏదో అదే కనబడే ఆ పెట్టెలో శశిరేఖ అభిమన్యుణ్ని చూస్తుంది. చేతిలో ఇమిడే పెట్టెలో కదిలే బొమ్మ అన్న ఊహను, వస్తువు రూపాన్ని, దాని వెలుగును కళాదర్శకుడూ ఛాయాగ్రాహకుడూ కలిసి 1957లోనే తెలుగు ప్రేక్షకుల ముందు పెట్టారు. పౌరాణికం అన్న పేరు ఉండబట్టి గాని, వస్తు కల్పన దృష్టితో చూస్తే అది వైజ్ఞానిక కల్పనే.

ఆ దశకం తర్వాత పడమటి దేశాల్లో మొదటి దారి, అంటే ఇంటి వ్యాపకం, వైజ్ఞానిక కల్పన వైపు తిరిగింది. స్టార్ ట్రెక్ ధారావాహిక మొదలైన 1966లోనే అందులోని అంతరిక్ష నౌక ప్లాస్టిక్ నమూనాను ఏఎంటీ సంస్థ అమ్మకానికి పెట్టింది. చిత్రీకరణకు వాడిన 11 అడుగుల అసలు నమూనా తర్వాత స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. 1977 నాటి స్టార్ వార్స్ బృందం ఈ రెండు దారులనూ కలిపేసింది: దుకాణంలో దొరికే ట్యాంకుల, ఓడల నమూనా పెట్టెలను కొని, వాటి విడిభాగాలను తమ అంతరిక్ష నౌకల ఒంటినిండా అతికించింది. అర్థం తెలియని చిన్న చిన్న భాగాలు ఒత్తుగా ఉంటే వస్తువు పెద్దదనిపిస్తుంది. ఇంటి వ్యాపకంలోని ముగింపు పనులు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి: బాగా పలచన చేసిన ముదురు రంగును గాడుల్లోకి పారించడం, దాదాపు ఎండిన కుంచెతో అంచుల మీద లేత రంగు తాకించడం, దీపం వెలుతురు ప్లాస్టిక్ గోడలోంచి బయటికి కారకుండా లోపలి వైపు నల్లరంగు పూసి దానిమీద తెలుపు వేయడం. ద్వారకలో ఇంటికొక దీపం పెట్టినవారికి ఈ చివరి పని వెనకున్న ఆలోచన వివరించనక్కరలేదు.

మాయాబజార్‌కు సహాయ దర్శకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991 జులై 18న విడుదలైన ఆదిత్య 369తో ఈ చరిత్రను మళ్లీ రాయలసీమ పొలిమేరకు తెచ్చారు. హెచ్.జి. వెల్స్ 1895 నాటి నవలతో ప్రపంచానికి పరిచయమైన కాలయంత్రాన్ని కథకు ఇరుసుగా చేసుకున్న ఈ చిత్రంలో, యంత్రం మొదట 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికీ, తర్వాత 2504 నాటి భవిష్యత్తుకూ వెళుతుంది. విజయనగర శిథిలాలున్న హంపీ ఆదోనికి పడమరగా వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆదోని కొండకోట ఆ సామ్రాజ్యపు బలమైన దుర్గాల్లో ఒకటి. ఇంగ్లండులో పుట్టిన యంత్రాన్ని తెలుగు దర్శకుడు గతంలోకి పంపదలచినప్పుడు అది దిగిన చోటు తుంగభద్రా తీరం కావడం చాలా సహజమైన ఎంపిక. ఈ నేలవాసికి గతం అనగానే ముందుగా గుర్తొచ్చేది ఆ రాజధానే గదా. పేకేటి రంగా కళాదర్శకత్వం వహించిన ఈ చిత్రానికి పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ అనే ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. ఒక కాలంనుంచి ఇంకో కాలానికి వెళ్లామని ప్రేక్షకుడికి సెట్టింగుతో పాటు వెలుతురు కూడా చెప్పవలసిన కథ ఇది. ఆ విధంగా, ద్వారకలో తేలిన విషయమే ఇక్కడ మరో రూపంలో కనబడుతుంది.

ఆ తర్వాతి మార్పు త్వరగా జరిగిపోయింది. 1995లో వచ్చిన అమ్మోరు కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను తెలుగు ప్రేక్షకులకు దగ్గర చేసింది, క్రమంగా కలప, ప్లాస్టర్‌తో కట్టే నగరాల స్థానంలో తెరమీద అంకెలతో కట్టే నగరాలు వచ్చాయి. చిత్రీకరణ ముగిశాక సెట్టింగును విప్పి ఆ సరంజామాను ఇంకో సెట్టింగుకు వాడుకోవడం స్టూడియోల రివాజు కావడంవల్ల, ఈ విద్య గురించి మిగిలిన ప్రధాన సాక్ష్యం ఫిల్మే. విదేశాల్లో ఒక టీవీ ధారావాహిక నౌకకు మ్యూజియంలో చోటు దొరికింది. తెలుగువారి ద్వారకను ఈనాడు చూడాలంటే మాయాబజార్ తెర తప్ప మరో చోటు లేదు. ఇది బాధపడవలసిన నష్టమే.

చేతితో కట్టే పని మాత్రం పూర్తిగా ఆగలేదు. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన కల్కి 2898 ఏడీ కోసం బుజ్జి అనే భవిష్యత్ వాహనాన్ని కోయంబత్తూరులో సుమారు ఆరు టన్నుల బరువుతో, రోడ్డు మీద నిజంగానే నడిచేలా తయారుచేశారు. ఇక్కడ నిష్పత్తి ఒకటికి ఒకటి. మాయాబజార్ వచ్చిన అరవై ఏడేళ్లకు, తొంభై రెండేళ్ల వయసులో, సింగీతం శ్రీనివాసరావు ఈ చిత్రానికి మార్గదర్శకుడిగా ఉన్నారు.