రోమక చక్రవర్తులూ, మన నిజామూ

నాచారంలో మా యింటికి పరీక్షల చదువు కోసం వచ్చే కుర్రవాళ్ళిద్దరు మొన్న సాయంత్రం గట్టిగా వాదులాడుకున్నారు. ఉస్మాన్ సాగర్‌నూ, ఉస్మానియా విశ్వవిద్యాలయాన్నీ యిచ్చిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ మంచి పాలకుడని ఒకడు. వెట్టినీ రజాకార్లనూ ఎట్లా మరుస్తావని రెండవవాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను రోము సంగతి ఎత్తుకున్నాను. పాలకులకు మంచి చెడ్డల ముద్రలు ఎట్లా పడతాయో అక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ముద్ర వేసినవా రెవరు? టాసిటస్ సెనేటరు, స్యుటోనియస్ ఆస్థానోద్యోగి. సెనేటును మన్నించినవాడు మంచివాడు, సెనేటర్ల తలలు తీయించినవాడు రాక్షసుడు. క్రీ. శ. 96లో డొమీషియన్ హతుడైనప్పుడు సెనేటు అతని పేరును శాసనాలనుంచి చెక్కించివేసింది. అయినా, రాష్ట్రాల అధికారులు అతని కాలంలో ఉన్నంత నిజాయితీగా మరెప్పుడూ లేరని స్యుటోనియసే ఒప్పుకున్నాడు. రాష్ట్రాలలో పన్ను కట్టిన రైతు నడిగితే ఏమనేవాడో! అతడు గ్రంథం వ్రాయలేదు. 'ఉత్తముడు' అని బిరుదు పొందిన ట్రాజన్ ఇటలీలోని పేదపిల్లల పోషణకు నిధులేర్పరచాడు, నిజమే. 106 నాటికి డేసియాను జయించి అక్కడి బంగారాన్నీ బానిసలనూ తరలించినదీ అతడే.

మన సంస్థానానికి ఈ కొలత పనికివస్తుంది. అగస్టస్ ఈజిప్టును తన గుప్పిట్లో ఉంచుకుని, అనుమతి లేనిదే సెనేటరును అడుగు పెట్టనివ్వలేదు. ఆ ధాన్యం రోముకు తిండి. నిజాంకు సర్ఫెఖాస్ ఉండేది. ఆ భూముల శిస్తు నేరుగా ఆయన సొంత ఖజానాకే. సర్ఫెఖాసూ, జాగీర్లూ కలిసి సంస్థానంలో దాదాపు 40 శాతం. 1949లోగాని అవి దివానీలో కలవలేదు.

1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) గొప్ప పనులే. ఆ నీళ్ళు నేనూ త్రాగాను, కాదనను. కాని కట్టిన రాజు పేరు రాతిమీద ఉంటుంది, శిస్తు కట్టిన ఊళ్ళ పేర్లుండవు. 1918లో విశ్వవిద్యాలయం వచ్చింది. దేశభాషలో ఉన్నతవిద్య అన్న ఊహ సాహసమైనదే. అయితే ఆ భాష ఉర్దూ, ప్రజలలో ఎక్కువమందిది తెలుగు. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను వెళ్ళగొట్టినదీ ఆ విశ్వవిద్యాలయమే.

ఇక్కడ మన మిత్రులు కొందరు, "రాజులంతా ఒకటే, వర్గపాలన" అని చేతులు దులుపుకుంటారు. నేను ఒప్పను. అధికారి దోచాడా లేదా అన్నది కూటికి లేనివాడికి చిన్న తేడా కాదు. అసలు చిక్కు వేరు. మార్కస్ అరీలియస్ తత్త్వవేత్తే. 180లో అతని తరువాత కొడుకు కమోడస్ గద్దె నెక్కితే వద్దనే దారి ఎవరికీ లేకపోయింది. హత్య ఒక్కటే మిగిలింది, 192లో అదే జరిగింది. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలకు హద్దులు పెడుతూ శాసనం చేసింది. దొర గడీలో దాన్ని అమలు జరిపించే దెవరు? అడగగల సంఘాన్ని బ్రతకనిస్తేగదా! 1938లో స్టేట్ కాంగ్రెసును పుట్టకముందే నిషేధించారు. ఉదారత ఫర్మానాతో వచ్చింది, ఫర్మానాతో పోవచ్చు. నేను నిజాంకు మార్కులు తగ్గించే దిక్కడ, పిసినారితనం కథల దగ్గర కాదు. ఆ కథలు నవ్వుకోవటానికి బాగుంటాయి, అంతే.

మాటల్లోనే ఉప్పల్ చౌరస్తా దాకా నడిచాము. అక్కడ మెట్రో స్తంభాల క్రిందుగా వరంగల్ రోడ్డు భువనగిరికి పోతుంది. 1944లో అక్కడ జరిగిన ఆంధ్రమహాసభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు; మహాసభ వామపక్షం చేతికి వచ్చింది. వెట్టి చేసినవాళ్ళు పాలకుణ్ణి గురించి తమ అభిప్రాయం చెప్పటం అటుపైన ఊరూరా సాగింది.

మొదటివాడు ఇంకా ఉస్మాన్ సాగర్‌ను వదలలేదు, వదలనక్కరలేదన్నాను. రెండవవాడిది భువనగిరి వైపే. వాళ్ళ ముత్తాత వెట్టి చేసిన గడీ ఏ ఊళ్ళోదో నాయనమ్మ నడిగి వ్రాసుకుని వస్తానంటూ బస్సెక్కాడు.