మంత్రగత్తె నోట మంత్రగత్తె కథ

ఆంగ్లమున ఇటీవల శ్రవ్యగ్రంథములుగా వెలువడుచున్న నవలలలో ఒక తరహా కథకు ఆదరణ మెండు. చీకటి సందుల మహానగరము, అందు సామాన్యముగా బ్రతుకు ఒక యువతి, ఒకనాడు తనలో మంత్రశక్తి యున్నదని ఆమె తెలిసికొనుట, ఇదియే ఇతివృత్తము. వీనిని కాలక్షేపపు కథలని త్రోసిపుచ్చువారు కలరు. మేము అట్లు తలంపము. మంత్రగత్తె అనిపించుకొన్న స్త్రీ తన కథను తానే చెప్పుకొనుటకు ఆ దేశములలో రమారమి మూడు వందల యేండ్లు పట్టినది.

1692లో అమెరికాలోని మసాచుసెట్స్ వలసరాజ్యమున, సేలం గ్రామమునందు కొందరు బాలికలకు వింత మూర్ఛలు వచ్చెను. వైద్యమునకు లొంగకపోగా అది మంత్రగత్తెల పని యనిరి. మొదట పట్టుబడినవారు ముగ్గురు: టిటూబా అను బానిస స్త్రీ, సారా గుడ్ అను బిచ్చగత్తె, సారా ఆస్బర్న్ అను రోగపీడితురాలు. పలుకుబడి లేనివారి మీదికే వ్రేలు పోయినదని శ్రోతలు గమనింపగలరు. మార్చి నెలలో టిటూబా నేరము ఒప్పుకొనెను. ఆమె మాటలు నేటికిని నిలిచియున్నవి. కాని అవి ఆమె వ్రాసినవి కావు, విచారణ చేసినవారి పక్షమున ఇతరులు వ్రాసికొన్నవి. కావలసిన జవాబు ప్రశ్నలోనే యిమిడియుండెను. ఒప్పుకొన్న టిటూబా బ్రతికినది. ఒప్పుకొనని బ్రిడ్జెట్ బిషప్‌ను జూన్ 10న ఉరితీసిరి. సెప్టెంబరు ముగియులోపల ఉరికంబ మెక్కినవారు 19 మంది, వారిలో స్త్రీలు 14 మంది. గైల్స్ కోరీ అను వృద్ధుని బండల బరువుక్రింద నలిపి చంపిరి. సేలంలో మంత్రగత్తెలను సజీవముగా కాల్చిరని పలువురందురు గాని, అట్లు ఒక్కరిని గూడ కాల్చలేదు. ఇది యెక్కడి సంగతియో యని ఊరకుండుటకును వీలులేదు. చేతబడి, బాణామతి అను నిందలతో మన తెలుగు పల్లెలలోను నిస్సహాయులు ప్రాణములు గోల్పోయిరి.

సేలం మంత్రగత్తెకు కంఠమిచ్చినది రేడియో. 1931లో న్యూయార్కు నగరపు డబ్ల్యు.ఓ.ఆర్. కేంద్రమునుండి అలొంజో డీన్ కోల్ రచించిన ‘ది విచెస్ టేల్’ అను నాటకమాల ఆరంభమయ్యెను. దీపము లార్పుడని శ్రోతల నాజ్ఞాపించి కథ మొదలిడునది సేలం ముసలి నాన్సీ. ఆమె ప్రక్కన సైతాను అను నల్లపిల్లి. ఆ పాత్రను అడిలైడ్ ఫిట్జ్-ఆలెన్ అను వృద్ధనటి ధరించెను. 1935లో ఆమె మరణింపగా, తరువాత ఆ ముదుసలి గొంతు పలికినది మిరియమ్ వుల్ఫ్ అను పదుమూడేండ్ల బాలిక! మైక్రోఫోను ముందు ముడుతలతో పనిలేదు గదా. అయినను నాన్సీ ఎల్లప్పుడు ఇతరుల కథలే చెప్పెను. తాను మంత్రగత్తె యెట్లయినదో ఎవరును అడుగలేదు.

1943లో ఫ్రిట్జ్ లైబర్ ‘కాంజ్యూర్ వైఫ్’ నవలలో ఒక ఆచార్యుని భార్యను మంత్రవేత్తగా చూపెను. భర్త ఆమెచేత రక్షలన్నియు తగులబెట్టించును, అంతటితో ఇంటికి ఆపదలు మొదలగును. చక్కని ఊహయే, కాని కథ నడచునది భర్త మనసు వెంబడి. 1987లో ఎమ్మా బుల్ నవలలో మిన్నియాపొలిస్ నగరపు గాయని ఒకతె తన సంగీతములోనే శక్తిని కనుగొనెను. 1993లో లారెల్ హామిల్టన్ సృష్టించిన అనిటా బ్లేక్, మృతులను లేపు విద్య గలది, ‘నేను’ అని తన కథ తానే చెప్పినది.

అంధుల కొరకు 1930లలో అమెరికాలో గ్రామఫోను పలకలపై పుస్తకములు చదివించిరి. పలక యొక్క వైపున పట్టునది సుమారు పదునైదు నిమిషముల పాఠము. ఒక నవలకు పలకల పెట్టెయే కావలసివచ్చెను. ఆ యేర్పాటే పెరిగి నేటి శ్రవ్యగ్రంథమైనది. కాగితముపై ‘నేను’ అక్షరము మాత్రమే. చదువరి కంఠములో అది మనిషి యగును; గంటల తరబడి ఆమె భయము మన చెవిలో నుండును, నడుమ ప్రశ్నించు అధికారి లేడు.

సేలం విచారణలలో మరణశిక్ష విధింపబడి, ఉరి తప్పించుకొన్న ఎలిజబెత్ జాన్సన్ అను యువతి, తన పేరిటి కళంకమును తుడిచివేయుడని 1712లో విన్నవించుకొనెను. నార్త్ ఆండోవర్ పాఠశాల విద్యార్థులు పూనుకొనగా మసాచుసెట్స్ శాసనసభ ఆ పని చేసినది 2022లో.