రేకు విప్పి, రంగు గీకి: పాత స్పోర్ట్స్ కార్ల పనివాళ్లు నడిచిన దారి

పాత స్పోర్ట్స్ కారును మళ్లీ నిలబెట్టాలనుకున్నవాళ్లు ముందుగా చేసే పని దాన్ని విప్పడం. బానెట్, డోర్లు, మడ్‌గార్డులు ఒక్కొక్కటే ఊడదీసి, వాటి మీది రంగును అసలు రేకు కనబడేదాకా తీస్తారు. చూసేవాళ్లకు అది మోటుపనిలాగే కనిపిస్తుంది. కానీ ఏ కాలంలో కారును ఎలా కట్టారో తెలియనివాడికి దాన్ని విప్పడం చేతకాదు. కాబట్టి ఈ పని చరిత్ర చెప్పాలంటే కట్టినవాళ్ల దగ్గర నుంచే మొదలుపెట్టాలి, అందుకు బ్రిటన్ కంటే తగిన దేశం లేదు. తేలికైన రెండు సీట్ల కారును లోకానికి అలవాటు చేసిందీ బ్రిటిష్ వాళ్లే, దాన్ని ఇంటి వెనక షెడ్డులో విప్పి బిగించడాన్ని తరాల వ్యాపకంగా మలచుకున్నదీ వాళ్లే.

మొదటి తరం కార్ల పైభాగాన్ని కట్టింది గుర్రపు బగ్గీలు చేసిన చేతులే. యాష్ కర్రతో చట్రం అమర్చి, దాని మీద రేకు పరిచి, అంచులు మడిచి చిన్న మేకులు కొట్టేవారు. రంగు వేయడంలోనూ బగ్గీల పద్ధతే నడిచింది. కుంచెతో ఒక పూత, అది ఆరాక రుద్దడం, దాని మీద మరో పూత, ఇలా ఒక్క కారుకు వారాలు పట్టేది. జనరల్ మోటార్స్ తన 1924 ఓక్లాండ్ కార్ల మీద డూపాంట్ వారి డ్యూకో లక్కర్‌ను పిచికారీ చేయించాక ఆ వారాలు రోజుల్లోకి దిగాయి. రంగు మారినంత త్వరగా చట్రం మారలేదు. సెసిల్ కింబర్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాణం పోసిన ఎం.జి. కంపెనీ 1929లో ఆబింగ్డన్‌కు చేరింది. యుద్ధం ముగిసిన 1945లో ఆ కార్ఖానా తెచ్చిన టి.సి. కారులోనూ రేకుకు ఆధారం కర్రే. అలాంటి కారు రేకు తీయాలంటే మేకులను ఓపిగ్గా ఒక్కొక్కటే లేపాలి. మేకు చుట్టూ కర్ర నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతుంది. బ్లోల్యాంపు మంటతో పాత రంగును కాల్చి గీకే ఆనాటి అలవాటు ఇక్కడ ప్రమాదమే, ఎందుకంటే రేకు వెనకాల ఉన్నది అంటుకునే సరుకు. మాల్వర్న్‌లోని మోర్గన్ కంపెనీ ఇప్పటికీ యాష్ కర్రతోనే కార్లు కడుతున్నది కనుక ఆ విద్య పూర్తిగా అంతరించిపోలేదు.

యుద్ధం తర్వాత బ్రిటన్‌కు డాలర్లు కావలసి వచ్చాయి, అమెరికా కుర్రకారుకు స్పోర్ట్స్ కార్లు కావలసి వచ్చాయి. 1948లో లండన్ ప్రదర్శనలో జాగ్వార్ ఎక్స్‌.కె. 120, 1952లో ఎర్ల్స్ కోర్ట్‌లో డోనాల్డ్ హీలీ కారు, ఆ మరుసటి ఏడాది ట్రయంఫ్ టి.ఆర్. 2 వచ్చాయి. ట్రయంఫ్ మడ్‌గార్డులను బోల్టులతో బిగించారు కాబట్టి పానా పట్టడం వచ్చిన ఎవరైనా ఒక ఆదివారం పూట వాటిని దించగలిగారు. ఇంట్లోనే కారు బాగుచేసుకునే సంస్కృతి వేళ్లూనుకోవడానికి ఈ బోల్టులు చేసిన మేలు చిన్నది కాదని నా అభిప్రాయం. హీలీ కథ వేరు. దాని ముందు, వెనక బాడీ ముక్కలు అల్యూమినియం, పక్కనున్న మడ్‌గార్డులు ఉక్కు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, నీటితో కలిసి ఆ రెండు లోహాల నడుమ చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. బోల్టులు వదులు చేసి మడ్‌గార్డును పక్కకు లాగగానే అతుకు పొడవునా తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి ఒకప్పుడు అల్యూమినియం రేకే.

తర్వాతి మలుపు 1961 మార్చిలో జెనీవాలో కనిపించింది. విమానాల పని నేర్చి వచ్చిన మాల్కమ్ సేయర్ గీసిన జాగ్వార్ ఇ-టైప్‌లో వేరే ఛాసీ లేదు. నడిమి భాగంలో రేకే బరువు మోస్తుంది, ముందు భాగంలో ఇంజన్‌ను మోసే గొట్టాల చట్రం దానికి బిగిసి ఉంటుంది. 1962లో వచ్చిన ఎం.జి.బి. కూడా విడి ఛాసీ లేనిదే. పాత కార్లలో రేకు తొడుగు మాత్రమే, వీటిలో రేకే ఎముక. ఎం.జి.బి. ముందు మడ్‌గార్డులు బోల్టు విప్పితే వస్తాయి, వెనకవి వెల్డింగు. డోరు కింద పొడవునా సాగే సిల్ ముందు కొస మడ్‌గార్డు చాటున దాక్కుంటుంది. చక్రం చిమ్మిన మట్టి అక్కడ ఏళ్ల తరబడి తడిగా పడి ఉంటుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. టాపు లేని కారులో ఆ సిల్‌ను ఆదరాబాదరాగా కోస్తే కారు మధ్యలో కుంగుతుంది, మళ్లీ డోరు పడదు. అందుకే తెలిసినవాళ్లు కోతకు ముందే డోరు సందులో ఇనుప కడ్డీ అడ్డంగా వెల్డు చేసుకుంటారు. ఆబింగ్డన్ కార్ఖానా 1980లో మూతపడేనాటికి 5 లక్షలకు పైగా ఎం.జి.బి.లు బయటికొచ్చాయి. వాటి యజమానులకు 1988 పెద్ద వరం. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత ప్రెస్ అచ్చులను వెతికి పట్టి, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఎం.జి.బి. బాడీని కొత్తగా చేయడం మొదలుపెట్టింది.

రంగు తీసే విద్యదీ ఇంత పొడవైన చరిత్రే. ఇసుకను వేగంగా చిమ్మి లోహాన్ని శుభ్రం చేసే పద్ధతికి అమెరికాలో బెంజమిన్ టిల్‌మన్ 1870లో పేటెంటు పొందాడు. ఆ ఇసుక ధూళి ఊపిరితిత్తులను రాయి చేస్తుందని గుర్తించిన బ్రిటన్, 1949 నాటి నిబంధనలతో ఈ పనిలో ఇసుక వాడకాన్ని నిషేధించింది. పల్చటి కారు రేకుకూ ఇసుక శత్రువే. లక్షల దెబ్బలకు పైపొర సాగి, బల్లలా ఉండాల్సిన బానెట్ అలలు తిరుగుతుంది. డైక్లోరోమీథేన్ కలిపిన ద్రవం పూస్తే రంగు నిమిషాల్లో బుడగలెత్తి ఊడి వచ్చేది. మూసిన గదుల్లో దాని ఆవిరి పీల్చి మనుషులు చనిపోయాకే అమెరికా 2019లో దాన్ని మామూలు జనానికి అమ్మడం ఆపింది. 1980ల్లో అమెరికా వాయుసేన విమానాల రంగు తీయడానికి ప్లాస్టిక్ రేణువులు చిమ్మడం నేర్చింది, అదే దశకంలో స్వేచ్ఛా ప్రతిమ లోపలి తారును వంటసోడాతో వదలగొట్టారు. ఆ రెండూ త్వరలోనే కార్ల షెడ్లకు చేరాయి. సోడా రేకును వంచదు, కానీ తుప్పును వదిలించదు. దాని పొడిని కడగకుండా ప్రైమర్ కొడితే కొత్త రంగు నిలవదు. యాసిడ్ తొట్టిలో ముంచే పద్ధతిలో మూల మూలలా శుభ్రమవుతుంది గానీ, మడతల్లో మిగిలిన యాసిడ్ నెలల తర్వాత కారి రంగును లేపుతుంది. 1953లో 300 ఫైబర్‌గ్లాస్ కార్వెట్లు, 1957లో లోటస్ ఎలీట్ వచ్చాక ఈ రసాయనాలకు మరో హద్దు ఏర్పడింది. ఫైబర్‌గ్లాస్‌ను అవి రంగుతో పాటే తినేస్తాయి. అక్కడ నేటికీ చాలావరకు బ్లేడు, ఎమరీ పేపరు, చేతి ఓపికే దిక్కు.

చాలాకాలం వరకూ పాత రంగు అనేది తీసి పారేయాల్సిన మురికి మాత్రమే. ఫ్యాక్టరీలో లేనంత మెరుపు తెచ్చినవాడికే బహుమతులు దక్కాయి. ఇప్పుడు ఆ చూపు మారింది, నేను చూసిన మార్పులన్నింటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫివా, తన ట్యూరిన్ చార్టర్‌లో పాత కారును సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. కాలిఫోర్నియాలో 1950 నుంచి జరుగుతున్న పెబుల్ బీచ్ పోటీల్లో చెక్కుచెదరని పాత రంగుతో వచ్చే కార్లకు ప్రత్యేక విభాగమే ఉంది. మడ్‌గార్డు మీద కొంచెం మేర మాత్రమే వాటర్ పేపరుతో మెల్లగా రుద్దితే, పైనున్న ఎరుపు కింద తెలుపు, దాని కింద లప్పం, అట్టడుగున మొదటి యజమాని కొన్నప్పటి ఆకుపచ్చ వలయాలుగా బయటపడతాయి. ఆ ఆకుపచ్చ అసలుదేనా అన్న అనుమానం తీర్చడానికి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ లెడ్జర్లు చూసి ధ్రువపత్రం ఇస్తుంది.

మీ చేతికి అలాంటి కారు వస్తే, విప్పిన ప్రతి బోల్టుకూ చీటీ కట్టండి. రేకు బయటపడిన రోజునే ప్రైమర్ కొట్టండి, ఎందుకంటే ఒక్క రాత్రి తేమకే అది ఎర్రబడుతుంది. డ్యాష్‌బోర్డు వెనక, డోరు అట్ట కింద ఫ్యాక్టరీ రంగు ఇంకా మిగిలే ఉంటుంది. ఆ అరచేతి మేర మాత్రం గీకకుండా వదిలేయండి.