గొడ్రాలు: ఒక పదం మోసిన భారం

తెలుగులో సంతానం కలగని స్త్రీని ‘గొడ్రాలు’ అన్నారు. సంతానం కలగని పురుషునికి అంతటి ప్రచారం గల పదం కనిపించదు. ‘నపుంసకుడు’ అనే మాట పుంస్త్వ లోపాన్ని చెబుతుందే గాని సంతానలేమిని చెప్పదు. దాంపత్య జీవనంలో ఎటువంటి లోపమూ లేని పురుషుని వల్ల కూడా సంతానం కలగకపోవచ్చు. ఆ స్థితికి వాడుకలో పేరు లేకపోవడం వల్ల నింద మొత్తం స్త్రీ మీదికే చేరింది. ఈ భారం చరిత్రలో ఎలా స్థిరపడిందో, ఎలా సడలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కారణం పురుషునిలో ఉండవచ్చుననే ఎరుక ప్రాచీనులకు లేకపోలేదు. మహాభారతం ఆదిపర్వంలో శాపగ్రస్తుడైన పాండురాజు తానే కుంతిని దేవతల వల్ల పుత్రులను పొందమని కోరాడు. అయితే ధర్మశాస్త్రం ఈ ఎరుకను సమానంగా పంచలేదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం నియోగాన్ని ముందు పేర్కొని, తరువాత నిందించింది. అదే అధ్యాయం భార్యకు సంతానం కలగకపోతే ఎనిమిదవ ఏట భర్త మరొక వివాహం చేసుకోవచ్చునన్నది. పురుషునికి లభించిన ఈ వెసులుబాటు స్త్రీకి సవతి రూపంలో శిక్ష అయింది.

ఈ వెసులుబాటును ఆధునిక చట్టం తొలగించింది. నాటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలకు 1949 నాటి ద్విభార్యత్వ నిరోధక చట్టం వర్తించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దానిని దేశవ్యాప్తం చేసింది. 1956 నాటి దత్తత చట్టం భర్త దత్తత తీసుకోవడానికి భార్య సమ్మతిని ఆవశ్యకం చేసింది.

వైద్యశాస్త్రం ఈ మార్పును మరింత ముందుకు తీసుకుపోయింది. 1978 జూలై 25న జన్మించిన లూయీ బ్రౌన్ తల్లికి గర్భనాళాలు మూసుకుపోయాయి. ఆనాటి చికిత్స స్త్రీలోని అవరోధాన్ని అధిగమించింది. ఒకే శుక్రకణాన్ని అండంలోకి ప్రవేశపెట్టే పద్ధతి 1992లో ఫలించడంతో పురుషునిలోని కారణానికి కూడా చికిత్స ఏర్పడింది. ఏడాదిపాటు గర్భనిరోధక సాధనాలు లేకుండా కాపురం చేసినా గర్భం నిలవకపోవడాన్ని నేడు సంతానలేమిగా నిర్వచిస్తున్నారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురు వయోజనులలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీనిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది. ఇంత విస్తృతమైన స్థితిని ఒక స్త్రీ దురదృష్టంగా చూడటం అసంగతం.

భారతదేశపు 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం సంతానలేమిని నిర్వచిస్తూ దంపతులను ప్రస్తావించింది. చట్టం, వైద్యం దంపతుల దాకా వచ్చాయి. తెలుగు మాత్రం ఇంకా స్త్రీవాచకమైన ‘వంధ్య’ నుంచి ఏర్పడిన ‘వంధ్యత్వం’ దగ్గర ఆగింది. ఇద్దరికీ సమానంగా వర్తించే ‘సంతానలేమి’ అనే మాటను పాఠ్యగ్రంథాలలో, నిఘంటువులలో స్థిరపరచడం పరిభాషకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. తరతరాలుగా ఒకరే మోసిన నిందను దించే పని.